సాపర్ల బంతి వెంట ఐదు రోజులు

మొదటి రోజు: ఓవల్

నేను ధవళేశ్వరంలో పుట్టి పెరిగినవాణ్ణి. ఇరిగేషన్ శాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే కాటన్ దొర పటం ఉండేది. ఆయన మద్రాస్ ఇంజనీర్స్ అధికారి అని చిన్నప్పటినుంచీ తెలుసు. 1862లో కంపెనీ తాలూకు బెంగాల్, మద్రాస్, బొంబాయి ఇంజనీర్ల దళాలు మూడూ బ్రిటిష్ సైన్యంలో సాపర్లని పిలిచే రాయల్ ఇంజనీర్స్‌ దళంలో కలిసిపోయాయన్న సంగతి మాత్రం రిటైరయ్యాకే చదివాను. ఆ మరుసటి ఏడు, 1863లో, ఆ దళం అధికారులు ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారు. కాలేజీ రోజుల్లో హాఫ్‌బ్యాక్‌గా ఆడిన నాకు ఇది కొత్త చుట్టరికం దొరికినట్టయింది. లండన్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి వచ్చి నెల దాటాక, ఆ జట్టు నడిచిన చోట్లు చూసి రావాలని బయల్దేరాను.

"నాన్నా, ఓవల్‌కి అందరూ క్రికెట్ కోసం వెళ్తారు. మీరు ఫుట్‌బాల్ కోసం వెళ్తానంటున్నారు" అన్నాడు అబ్బాయి.

"మొట్టమొదటి ఎఫ్.ఎ. కప్ ఫైనల్ అక్కడే ఆడార్రా" అన్నాను. ఎఫ్.ఎ. అంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం. వాడికి ఆ సంగతి తెలియదు. సెలవు పెట్టి నాతో వచ్చాడు.

నార్తర్న్ లైన్ ట్యూబ్ రైల్లో ఓవల్ స్టేషన్లో దిగి నాలుగడుగులు వేస్తే మైదానం గోడ. వెనకాల పాత గ్యాస్ ట్యాంకు ఇనుప చట్రం ఆకాశంలోకి నిలబడి ఉంటుంది. టీవీలో టెస్టు మ్యాచ్‌లు చూసినవాళ్ళు దాన్ని ఇట్టే గుర్తుపడతారు. లోపల పచ్చిక మధ్య పిచ్ ఉన్నచోట గోల్ స్తంభాలు ఊహించుకోవడానికి నాకు కాసేపు పట్టింది.

1872 మార్చి 16. ఆ పోటీకి పేరిచ్చినవి పదిహేను జట్లు. ఫైనల్‌కు వచ్చినవి రెండు: లండన్ పెద్దింటి కుర్రాళ్ళ వాండరర్స్, తమ శిక్షణ ఊరు చాథమ్ నుంచి వచ్చిన రాయల్ ఇంజనీర్స్. టికెట్ ఒక షిల్లింగు, చూడ్డానికి వచ్చినవారు రెండువేలమంది దాకా. గోల్‌కు వల లేదు. పైన అడ్డకర్ర బదులు ఒక టేపు. ఒక గోల్ పడగానే రెండు జట్లూ దిక్కులు మార్చుకునేవి. గెలిచేది ఇంజనీర్లేనని అందరి అంచనా.

ఆట మొదలైన పది నిమిషాలకే ఇంజనీర్ల లెఫ్టినెంట్ ఎడ్మండ్ క్రెస్‌వెల్‌కు కాలర్‌బోన్ విరిగింది. బదులు ఆటగాణ్ణి దింపే నియమం అప్పట్లో లేదు. ఆయన బయటికి వెళ్ళలేదు. ఒక పక్క అంచున నిలబడి, విరిగిన ఎముకతో చివరిదాకా ఆడాడు. పావుగంట గడిచేసరికి వాండరర్స్ గోల్ కొట్టేశారు. కొట్టినవాడు మోర్టన్ బెట్స్, కాని ఎ. హెచ్. చెకర్ అనే మారుపేరుతో ఆడాడు. ఆ బంతిని గోల్ ముందుదాకా డ్రిబ్లింగ్ చేసుకుంటూ, అంటే కాలితో తట్టుకుంటూ, తెచ్చినవాడు రాబర్ట్ విడాల్. డ్రిబ్లింగ్‌లో అతనికి రాకుమారుడని పేరు. ఇంకో గోల్ పడలేదు. 1-0.

ఒంటరిగా బంతి నడిపే ఆట ఆరోజు గెలిచింది. బంతిని పంచుకునే ఆట ఓడింది. ఆ రెండో ఆట సంగతి చాథమ్ వెళ్ళాక చెబుతాను, అది పుట్టినచోట చెప్పడమే న్యాయం.

గ్యాలరీలో కూర్చుని అబ్బాయికి మరో మ్యాచ్ కథ చెప్పాను. మరుసటి ఏడాది మార్చి 8న ఇదే మైదానంలో ఇంగ్లండ్, స్కాట్లండ్ తలపడ్డాయి. అంతకుముందు గ్లాస్గోలో రెండు దేశాల మధ్య జరిగిన తొలి మ్యాచ్‌లో గోలే లేదు. కనుక ఆయా దేశాల తొలి గోల్ ఈ పచ్చిక మీదే పడింది. ఇంగ్లండ్ మొదటి గోల్ కొట్టినవాడు విలియం కెన్యన్-స్లేనీ, గ్రెనేడియర్ గార్డ్స్ సైనికాధికారి, పుట్టింది రాజ్‌కోట్‌లో. స్కాట్లండ్ మొదటి గోల్ కొట్టినవాడు హెన్రీ రెన్నీ-టెయిల్యర్, మన రాయల్ ఇంజనీర్ల లెఫ్టినెంట్, పుట్టింది ముస్సోరీలో. ఇంగ్లండ్ 4-2తో గెలిచింది. రెండు దేశాల తొలి గోల్సూ మన నేల మీద పుట్టినవాళ్ళవేనంటే అబ్బాయి నమ్మలేదు. ఫోన్ తీసి అక్కడికక్కడే చూసుకున్నాడు.

రెండో రోజు: ఊలిచ్

ఇది చిన్న రోజు. ఎలిజబెత్ లైన్‌లో ఊలిచ్ దాకా వెళ్ళి, బస్సెక్కి కొండమీది మైదానం దగ్గర దిగాను. ఎదురుగా పాత రాయల్ మిలిటరీ అకాడమీ. 1741లో పెట్టి 1939లో మూసేశారు. కేడెట్లు దాన్ని ముద్దుగా 'షాప్' అనేవారు. ఇప్పుడది నివాస గృహాలు. తలుపులు దాటి లోపలికి వెళ్ళే వీలు లేదు.

ఫిరంగి దళం, ఇంజనీర్ల దళం అధికారులు ఇక్కడ చదివి బయటికి వచ్చేవారు. పై మార్కులవాళ్ళు ఎక్కువగా ఇంజనీర్స్ కోరుకునేవారు. లెక్కలు, కోటల నిర్మాణం, సర్వే, గీతపని నేర్చుకుని కమిషన్, అంటే అధికారి హోదా, పుచ్చుకున్నాక సుమారు రెండేళ్ళు చాథమ్‌లో పని నేర్చుకోవాలి. ఆ తర్వాత ఎటు పంపితే అటు: బెర్ముడా, జిబ్రాల్టర్, ఇండియా.

ఈ రెండేళ్ళ లెక్క గుర్తుపెట్టుకోండి. జట్టు గుట్టంతా అందులోనే ఉందని నాకు మర్నాడు బోధపడింది.

మూడో రోజు: చాథమ్, బ్రాంప్టన్

సెయింట్ పాంక్రాస్‌లో వేగం రైలెక్కితే ముప్పావుగంటకు అటూ ఇటుగా చాథమ్. రోచెస్టర్ దగ్గర మెడ్‌వే నది దాటేటప్పుడు ఆటుకు నీళ్ళు తీసి బురద ఒడ్లు బయటపడి ఉన్నాయి. యానాం దగ్గర గోదావరి పోటు చూసినవాడికి ఆ బురద కొత్తగా అనిపించదు. సాపర్లు తేలే వంతెనలు కట్టడం నేర్చుకున్నది ఈ నదిమీదే. బెంగళూరులోని మద్రాస్ సాపర్ల పేరు మన తెలుగువాళ్ళకు పరిచయమే, మన జిల్లాలనుంచి ఎందరో అందులో చేరారు.

స్టేషన్ నుంచి ఎత్తు ఎక్కుతూ గ్రేట్ లైన్స్ చేరాను. ఊరి మధ్యలో ఒక చెట్టూ ఇల్లూ లేకుండా ఇంత బయలెందుకుందా అని ముందు ఆశ్చర్యపోయాను. తర్వాత అర్థమైంది. చాథమ్ ఓడల కర్మాగారాన్ని కాపాడడానికి కోట కట్టారు. కోట ఫిరంగులకు చూపు అడ్డకూడదు కాబట్టి ముందున్న నేలంతా ఖాళీగా ఉంచారు. శత్రువు రాలేదు. ఆ ఖాళీ నేల మీద కుర్రాళ్ళు బంతి ఆడారు. ఒక ఇంజనీరుకు ఇంతకంటే మంచి మైదానం దొరకదు: నీరు నిలవని వాలు, మూలలదాకా తెరిపి. గట్టున ఇప్పుడు నౌకాదళ వీరుల స్మారక స్తంభం నిలబడి ఉంది. దాని కింద గడ్డిలో కూర్చుని కోడలు కట్టిచ్చిన పులిహోర తిన్నాను. గాలి విపరీతంగా వీచింది, కాగితం ప్లేటు పట్టుకుని తినడమే పనైంది.

ఇక్కడ ఆ ఆట సంగతి చెప్పాలి. 1863లో లండన్‌లో రాసుకున్న తొలి నియమాల ప్రకారం బంతికి ముందున్న ఆటగాడెవడైనా ఆఫ్‌సైడే. అంటే బంతి ముందుకు వేయడానికి వీల్లేదు, వెంటపెట్టుకుని పరుగెత్తాల్సిందే. తలవంచుకుని ఒకడు బంతి నడుపుతుంటే, మిగతావాళ్ళు గుంపుగా వెనకాల పరుగెత్తి, అతని కాలినుంచి జారిన బంతిని అందుకునేవాళ్ళు. 1866లో నియమం సడలించారు. బంతి అందుకునేవాడికీ గోల్‌కూ మధ్య ఎదుటిజట్టువాళ్ళు ముగ్గురుంటే ముందుకు పాస్ వేయవచ్చు. నియమం మారినా చాలా జట్లు పాత అలవాటు వదల్లేదు. ఇంజనీర్లు వదిలారు. ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే అనుకుని, ఒకరి దగ్గరికి ఎదుటివాడు రాగానే బంతిని పక్కవాడికి తన్నేవారు. దాన్ని అప్పుడు 'కాంబినేషన్ గేమ్' అన్నారు. తర్వాతికాలంలో ఎఫ్.ఎ. కార్యదర్శిగా పనిచేసిన ఫ్రెడరిక్ వాల్ ఈ ఆటను ప్రవేశపెట్టింది రాయల్ ఇంజనీర్లేనని రాసుకున్నాడు. గ్లాస్గో క్వీన్స్ పార్క్ క్లబ్ అభిమానులు ఈ మాట ఒప్పుకోరు, స్కాట్లండ్‌లో పాసింగ్ తామే నేర్పామంటారు. నాకు మాత్రం ఇంజనీర్ల పక్షమే సబబనిపిస్తుంది. అందుకు కారణం నిన్న ఊలిచ్‌లో అనుకున్న ఆ రెండేళ్ళ లెక్కే.

ఒక జట్టులో గొప్ప డ్రిబ్లర్ ఉంటే అతని చుట్టూ ఆట అల్లుకోవచ్చు. ఇక్కడ ఆ గొప్పవాడు రెండేళ్ళలో ఓడెక్కి వెళ్ళిపోతాడు. అతని స్థానంలో ఊలిచ్ నుంచి దిగిన కొత్త కుర్రాడు నిలబడాలి. అలాంటప్పుడు కాపాడుకోవలసింది పద్ధతిని. ఇరిగేషన్‌లో మాకు బదిలీలు ఇలాగే ఉండేవి. లాకుల దగ్గర అసిస్టెంట్ ఇంజనీరు మారిపోయినా రిజిస్టరు, గేజి, తలుపులెత్తే క్రమం మారేవి కావు. వరదొచ్చినప్పుడు పని నడిపింది ఆ క్రమమే. ఆ గడ్డి మీద కూర్చుని ఇది తట్టినప్పుడు నాకు గుండె నిండినట్టనిపించింది.

ఈ జట్టును తీర్చిదిద్దినవాడు మేజర్ ఫ్రాన్సిస్ మారిండిన్. 1872 ఫైనల్లో తానూ ఆడాడు. 1874నుంచి 1890దాకా ఎఫ్.ఎ. అధ్యక్షుడిగా ఉన్నాడు. 1884నుంచి వరసగా ఏడేళ్ళు కప్ ఫైనల్‌కు రిఫరీగా నిలబడ్డాడు. ఉద్యోగం చూస్తే రైల్వే ఇన్‌స్పెక్టరు: కొత్త లైన్లు పరీక్షించడం, ప్రమాదాలు జరిగితే విచారణ చేసి కారణం తేల్చడం. ఆయన తర్వాత అదే జట్టునుంచి వచ్చిన పెల్హామ్ వాన్ డోనప్ కూడా రైల్వే ఇన్‌స్పెక్టరయ్యాడు. పట్టాల మీద తప్పు ఎక్కడ జరిగిందో వెతికే పని ఇంజనీరుకు తెలుసు, రిఫరీకీ అదే పని.

గడ్డి మైదానం దిగితే బ్రాంప్టన్ బ్యారక్స్. 1800ల మొదట్లో కట్టిన భవనాలు. 1812లో చార్లెస్ పేస్లీ పెట్టిన ఇంజనీర్ల బడి అదే ఆవరణలో నేటికీ నడుస్తోంది. అది సైన్యం నివసించే చోటు కాబట్టి బయటినుంచే చూసి, పక్కనున్న రాయల్ ఇంజనీర్స్ మ్యూజియానికి వెళ్ళాను. వాటర్లూ యుద్ధంలో వెల్లింగ్టన్ వాడిన మ్యాపు, ఇదే దళంవాడైన జనరల్ గోర్డన్‌కు చైనాలో దక్కిన పట్టు దుస్తులు అక్కడ ఉన్నాయి. వంతెనల నమూనాల దగ్గర నేను ఎక్కువసేపు నిలబడిపోయాను. అది నా వృత్తి బలహీనత.

ఫుట్‌బాల్ కోసం మాత్రం నా చేతిలో ముందే సంపాదించుకున్న ఒక ఫోటో ఉంది, 1872 జట్టుది. దళం రంగులు ఎరుపు, ముదురు నీలం. ఫోటో నలుపు తెలుపే కనుక ఆ రంగులు మనమే పూసుకోవాలి. ఫైనల్ ఆడిన పదకొండుగురూ అధికారులే. మారిండిన్, గోల్‌కీపర్ మెరిమన్ తప్ప మిగతావాళ్ళంతా లెఫ్టినెంట్లు. కందకాలు తవ్విన మామూలు సాపర్లలో ఒక్కడూ ఆ జట్టులో లేడు. ఆనకట్ట కట్టినప్పుడు రాళ్ళు మోసిన మా కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఈ ఫోటో చూసినప్పుడల్లా వాళ్ళే గుర్తొస్తారు. 1888లో ఆర్మీ కప్పు పోటీలు మొదలయ్యాక ఆట మామూలు సిపాయిల్లోకీ పాకింది. అదే ఏడాది సిమ్లాలో డ్యూరాండ్ కప్పు పుట్టింది, మొదట రెజిమెంట్ల జట్ల కోసమే. 1908లో రాయల్ ఇంజనీర్స్ డిపో బెటాలియన్ ఇంగ్లండ్ అమెచ్యూర్ కప్పు గెలిచింది.

ఇక వాళ్ళ మంచి రోజు సంగతి. 1874లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ చేతిలో 2-0తో ఇంజనీర్లు మళ్ళీ ఫైనల్ ఓడారు. ఆ రోజు అన్నదమ్ములు హెర్బర్ట్ రాసన్, విలియం రాసన్ ఎదురెదురు జట్లలో ఆడారు. 1875 మార్చి 13న మూడో ఫైనల్. ప్రత్యర్థి ఈటన్ బడి పాత విద్యార్థుల జట్టు ఓల్డ్ ఈటోనియన్స్. భయంకరమైన గాలి. గోల్ పడ్డప్పుడల్లా దిక్కు మారే నియమం వల్ల ఆట చాలాభాగం ఈటోనియన్లకే గాలి అనుకూలించింది. ముందు వాళ్ళే గోల్ కొట్టారు. రెన్నీ-టెయిల్యర్ సమం చేశాడు. అదనపు సమయం ఇచ్చినా 1-1 దగ్గరే నిలిచింది. మూడు రోజుల తర్వాత మళ్ళీ ఆడారు. ఈటోనియన్లలో కొందరు రాలేకపోయారు. ఇంజనీర్లు అదే జట్టుతో వచ్చి 2-0తో గెలిచారు. కప్పు కెప్టెన్ మెరిమన్ చేతికి వచ్చింది. మళ్ళీ వాళ్ళకు ఆ కప్పు దక్కలేదు. 1878లో వాండరర్స్ 3-1తో ఓడించారు, అదే ఆఖరి ఫైనల్. తర్వాత లాంకషైర్ మిల్లుల ఊళ్ళనుంచి వచ్చిన జట్లు ఆటను తమ చేతుల్లోకి తీసుకున్నాయి. 1885లో డబ్బు తీసుకుని ఆడడం చట్టబద్ధమైంది. బదిలీల మీద తిరిగే లెఫ్టినెంట్లు వాళ్ళతో ఎలా పోటీపడతారు?

సాయంత్రం తిరిగి గ్రేట్ లైన్స్ మీదుగానే స్టేషన్‌కు నడిచాను. ఇద్దరు పిల్లలు బ్యాగులు పెట్టుకుని గోల్ చేసుకున్నారు. పెద్దవాడు బంతి ఒదలట్లేదు. చిన్నవాడు "ఇటు, ఇటు" అని చేతులూపుతున్నాడు.

నాలుగో రోజు: షెఫీల్డ్

1873 డిసెంబరులో ఇంజనీర్లు ఉత్తరానికి రైలెక్కి డెర్బీ, నాటింగ్‌హామ్, షెఫీల్డ్‌లో వరసగా ఆడారు. ఒక జట్టు ఇలా ఊళ్ళు తిరిగి ఆడడం అదే మొదలంటారు. నాటింగ్‌హామ్ వదిలేసి, డెర్బీ కిటికీలోంచి చూసి, షెఫీల్డ్‌లో దిగాను. మా బావ కొడుకు అక్కడ డాక్టరు. స్టేషన్‌కొచ్చి, "మామయ్యా, మీరు చలికి తట్టుకోలేరు, ఈ కోటు వేసుకోండి" అని తన కోటు తొడిగాడు.

షెఫీల్డ్ క్లబ్ 1857 నాటిది. లండన్‌కు ఎఫ్.ఎ. రాకముందే వీళ్ళకు సొంత నియమాలున్నాయి. అవి 1877దాకా విడిగానే నడిచాయి. అంటే చాథమ్ కుర్రాళ్ళు ఇంకో నియమావళికి అలవాటుపడ్డ ఊరికి వచ్చి, తమ ఆట చూపించారన్నమాట. బ్రామల్ లేన్ మైదానం చుట్టూ ఒక రౌండు వేశాం. 1862నుంచీ అక్కడ ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఇటుక ఇళ్ళ మధ్య ఇరుకు సందు చివర హఠాత్తుగా స్టేడియం గోడ కనిపిస్తుంది. రాత్రి భోజనాల దగ్గర మేనల్లుడికి సికింద్రాబాద్, హైదరాబాద్ ఆట గురించి చెప్పాను. రహీం సాహెబు తయారుచేసిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. నేను పుట్టకముందు సంగతే అయినా, ఆ జట్టు చిన్న చిన్న పాసుల గురించి మా కోచ్ కథలుగా చెప్పేవాడు. కంటోన్మెంట్ల వెంట మన ఊళ్ళకొచ్చిన బంతి అది.

ఐదో రోజు: బర్మింగ్‌హామ్

తిరుగు దారిలో బర్మింగ్‌హామ్‌లో దిగడానికి కారణం ఒక్కటే. 1875లో మెరిమన్ అందుకున్న కప్పు ఇక్కడే పోయింది. ఇరవై పౌన్ల ఖరీదుతో చేయించిన చిన్న వెండి కప్పు అది. 1895లో ఈ ఊరి జట్టు ఆస్టన్ విలా గెలిచాక, న్యూటౌన్ రోలో విలియం షిల్‌కాక్ అనే ఆటసామాన్ల వ్యాపారి దుకాణం అద్దాల్లో పెట్టారు. సెప్టెంబరులో ఒక రాత్రి ఎవరో దొంగిలించారు. దొరకలేదు. విలాకు ఇరవై ఐదు పౌన్ల జరిమానా వేశారు. 1958లో ఒక ముసలాయన, తామే దాన్ని కరిగించి దొంగ హాఫ్ క్రౌన్ నాణేలు పోశామని పత్రికకు చెప్పాడు.

న్యూటౌన్ రో ఇప్పుడు వెడల్పాటి రోడ్డు, ఎడతెగని వాహనాలు. ఆ దుకాణం జాడ లేదు. ఫుట్‌పాత్ మీద నిలబడి చేతిలోని ఫోటో మరోసారి తీశాను. 2012లో ఓవల్‌లో ఆ తొలి ఫైనల్‌ను మళ్ళీ ఆడించారు, ఇంజనీర్ల దళం కుర్రాళ్ళే ఆ జెర్సీ వేసుకుని వాండరర్స్‌ను 7-1తో ఓడించారు. నూట నలభై ఏళ్ళ తర్వాత తీరిన బాకీ. క్రెస్‌వెల్ ఆ స్కోరు వింటే ఎంత సంతోషించేవాడో.

ఫోటోలోని పేర్లలో నన్ను వదలనిది ఆల్‌ఫ్రెడ్ గుడ్విన్. 1872 ఫైనల్ ఆడాడు, 1873లో ఓవల్‌లో ఇంగ్లండ్ తరఫున ఆడాడు. ఆ ఏడే ఇండియాకు బదిలీ. 1874 మార్చిలో, తన జట్టు ఆక్స్‌ఫర్డ్ మీద రెండో ఫైనల్ ఆడిన నెలలోనే, రూర్కీలో గుర్రం మీంచి పడ్డ గాయాలతో పోయాడు. అంతర్జాతీయ మ్యాచ్ ఆడినవాళ్ళలో అందరికంటే ముందు కన్నుమూసినవాడు అతనే. ఇరవై నాలుగేళ్ళు.

రాత్రి లండన్ రైల్లోంచి ఇంటికి ఫోన్ చేశాను. హరిద్వార్ వెళ్దామని మా ఆవిడ ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. వచ్చే చలికాలం టికెట్లు తీద్దామన్నాను. రూర్కీ అక్కడికి గంట దారి, గంగ కాలువ మీద సోలానీ వంతెన కూడా చూడాల్సిందే. "అక్కడ నీకేం పని?" అంది. ఒక కుర్రాడి సమాధి వెతకాలని చెప్పాను.